అడ్డపొగ తాగిన అవ్వ గురించి అడిగిన మనవలకు

చిన్నోడికీ, బుజ్జికీ తాత ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్నోడు అడిగాడు: "మీ మామ్మ ముసలిదయ్యేదాకా చుట్ట తాగిందట కదా తాతా, ఆవిడకేం కాలేదుగా?" అని. పండగ సందడిలో మాట తెగిపోయింది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మామ్మ తాగింది అడ్డపొగ. మన శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్ళకి బాగా ఉండిన అలవాటు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించేవారు. గాలికి నిప్పు ఆరదు, చేతిలో పనీ ఆగదు. మామ్మ నోరు తెరిస్తే అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపించేవి. ఏం కాలేదని ఎలా అంటాం? 1971లో అచ్చయిన ఒక పరిశోధన కోసం మన వైపు పల్లెల్లో 10 వేల మందికి పైగా నోళ్ళు పరీక్షించారు. ఎక్కువగా ఇలాంటి అంగిలి మచ్చల కోసమే. అడ్డపొగతో అంగిలికి క్యాన్సర్ వస్తుందని ఇప్పుడు డాక్టర్లకి బాగా తెలుసు. మామ్మ దాన్నుంచి తప్పించుకుంది. తప్పించుకున్నవాళ్ళ గురించి ఊళ్ళో తరాలపాటు చెప్పుకుంటారు, మధ్యలో పోయినవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు.

నోరు తెరిస్తే కనిపిస్తుంది. ఊపిరితిత్తులు కనబడవు, పైగా వాటి లోపలి కండకి నొప్పి తెలియదు. నాకు అసలు భయం అక్కడే. అక్కడ క్యాన్సర్ గడ్డ పెరుగుతున్నా మనిషి తన పని తాను చేసుకుపోతుంటాడు. దగ్గు మొదలైనా "పొగ దగ్గే"నంటాడు. మన దగ్గర ఇంకో చిక్కుంది. దగ్గు, కళ్ళెలో రక్తం, బరువు తగ్గడం, ఇవన్నీ టీబీకీ ఉంటాయి. టీబీ అనుకుని మందులు వాడుతూ నెలలు గడిపేసినవాళ్ళున్నారు. దగ్గు మూడు వారాలు దాటినా, రక్తం ఒక్కసారి పడినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

పొగ లోపల చేసే పని చెప్తాను. శ్వాసనాళాల గోడల మీద కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. అది నిరంతరం కదులుతూ దుమ్మునీ కళ్ళెనీ పైకి నెడుతుంది. పొగ తగిలితే ఆ కదలిక మందగిస్తుంది, పొగలోని జిగురు లాంటి తారు లోపలే పేరుకుంటుంది. పొగాకు పొగలో 7 వేలకు పైగా రసాయనాలుంటే, క్యాన్సర్ తెచ్చేవే దాదాపు 70. వాటిలో బెంజోపైరీన్ లాంటివి కణంలోని డీఎన్‌ఏకి అతుక్కుంటాయి. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పి53 అనే జన్యువు ఉంది. దెబ్బ దానికే తగిలితే ఇక అడ్డేముంది? ఇదంతా ఏళ్ళ తరబడి జరిగేది. అందుకే ఇరవైలో ముట్టించినవాడికి యాభైల్లో తెలుస్తుంది. బీడీ అయినా అంతే, చుట్ట అయినా అంతే.

ఈ సంగతి ఎలా తెలిసిందంటే, బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్ ఆస్పత్రుల్లో రోగుల్ని వాళ్ళ అలవాట్ల గురించి ఓపిగ్గా అడిగి, 1950లో ఫలితం ప్రకటించారు. మొదట డాల్ అనుమానం రోడ్ల మీద పోసే తారు మీద. లెక్కలు చూసేసరికి దోషి సిగరెట్ అని తేలింది. ఆయన వెంటనే మానేశాడు. సిగరెట్ తాగనివాళ్ళతో పోలిస్తే తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. అంటే తాగిన ప్రతివాడికీ వస్తుందని కాదు, మామ్మ లాంటివాళ్ళు ఉంటారు.

పొగాకు అసలు ముట్టనివాళ్ళకీ ఈ జబ్బు వస్తుంది బుజ్జీ. కట్టెల పొయ్యి పొగ, పక్కవాళ్ళు వదిలే పొగ కూడా కారణాలే. కాబట్టి జబ్బుపడ్డవాళ్ళని "నీ చేతులారా తెచ్చుకున్నావ్" అని ఎన్నడూ అనొద్దు. తాగినవాళ్ళనైనా సరే. నికోటిన్ క్షణాల్లో మెదడుకి చేరి మనిషిని కట్టిపడేస్తుంది. మానాలనుకున్నవాడికి మొదటి రెండు మూడు వారాలు చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం.

అయినా మానితే ఫలితముంది. పదేళ్ళయ్యేసరికి, తాగుతూ ఉన్నవాళ్ళతో పోలిస్తే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. 1800-11-2356కి ఫోన్ చేస్తే మానడానికి సాయం చేస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ నంబరు మీ నాన్నకి మీరే ఇవ్వండి. నేను చెబితే "సర్లే నాన్నా" అంటాడు. మీరు అడిగితే కాదనలేడు.

మీ
తాత