జ్యూరరు చిన్న జడ్జా?

విజయవాడ

చిన్నీ, బుజ్జీ, ఇద్దరికీ ఆశీస్సులు.

"జ్యూరరంటే చిన్న జడ్జా తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. కాదర్రా. జ్యూరరంటే ఒట్టేసినవాడు, అంతే. లాటిన్‌లో 'యూరారే' అంటే ఒట్టేయడం. ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఆ 'య' కాస్తా 'జ' అయింది. నవ్వకండి, మనమూ యాత్రను జాతర చేశాం, యముణ్ణి జముణ్ణి చేశాం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. తర్వాత్తర్వాత వాళ్ల ఫ్రెంచే అక్కడి కోర్టు భాషయింది, దాంతో ఈ మాటా దిగింది. చివర్లో ఉన్న 'అర్', మన వేటగాడిలో 'గాడు' లాంటిది. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని దోషా, నిర్దోషా అని తేల్చే మొత్తం జట్టు, ఇంగ్లండులో మామూలుగా 12 మంది. జ్యూరరు అందులో ఒకడు. 'నలుగురు జ్యూరీలు' అని రాశారో, మార్కు పోయినట్టే.

యూరారేకి పైన 'యూస్' ఉంది. చట్టం, న్యాయం అని అర్థం. దాన్ని కృష్ణ అనుకోండి. బ్యారేజీ దగ్గర మళ్లిన నీళ్లే మా ఊళ్లో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. అలాగే జస్టిస్ ఒక కాలువ. జడ్జి ఇంకోటి, న్యాయం చెప్పేవాడని. దొంగ ఒట్టు పెర్జురీ. ఇంజురీ కూడా ఈ నీరే! 'ఇన్' అంటే మన 'అ', కాబట్టి అది అచ్చంగా అన్యాయం. దెబ్బ, గాయం అన్న అర్థం కిందికి పారాక కలిసింది. జర్నీ మాత్రం వేరు. ఫ్రెంచిలో రోజు అనే మాట నుంచి వచ్చింది, ఒక రోజు నడక అని. ఊళ్లోంచే పారినా బుడమేరు కృష్ణ కాలువ కాదుగా.

మన దేశంలోనూ జ్యూరర్లుండేవారు. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారి మీద నడిచిన హత్య కేసులో తొమ్మిదిమంది కూర్చుంటే ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. నేరాల విచారణ ఎలా జరగాలో చెప్పే 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. ఇప్పుడు మనకు ఎక్కువగా కనిపించేవి సినిమా అవార్డుల జ్యూరీలు, పోటీల జ్యూరీలు. ఒట్టేయమని వాళ్లనెవరూ అడగరు, పేరు మాత్రం అదే!

ఇంకో కాలువ ఉంది, కాంజ్యూర్. కలిసి ఒట్టేసుకోవడమని మొదటి అర్థం, ఇప్పుడేమో గారడీ చేయడం. మధ్యలో ఏం జరిగిందో నేను చెప్పను. లైబ్రరీలో లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ తీయించుకుని, ఆ మాట పుట్టుక రాసిన వరస చదివి, నాకు రాయండి.

మీ తాతయ్య