డొమినో, షేర్‌పాయింట్ ఒకే తెర మీద: అపోహలు - వాస్తవాలు

ఆఫీసు మెయిళ్లు, ఫారాలు నడిపే లోటస్ నోట్స్ 1989లో వచ్చింది, దాని సర్వర్ పేరు డొమినో. ఫైళ్లు పంచుకునే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ 2001లో వచ్చింది. రెండూ పక్కపక్కనే నడిచే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. పాత అప్రూవల్ ఫారాలు డొమినో సర్వర్‌లో, కొత్త ఫైళ్లు షేర్‌పాయింట్‌లో. "వాడేవాళ్లకు మాత్రం రెండూ ఒకటే అనిపించాలి" అంటారు. నేను చేసేది ఆ పనే. మొదటి మీటింగ్‌లో ప్రతిచోటా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక పోర్టల్ కట్టి, రెండో సర్వర్ పేజీని అందులో ఫ్రేములో పెడితే కలిపినట్టే.

వాస్తవం: చూడ్డానికి ఒకటే, వాడబోతే రెండు. ఫ్రేములోని పేజీ మళ్లీ లాగిన్ అడుగుతుంది. 2020లో క్రోమ్‌లో కుకీల (లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్ దాచే చిన్న సమాచారం) నియమం మారాక ఇది ఇంకా పెరిగింది. డొమైన్లు వేరైతే, కుకీ మీద సేమ్‌సైట్ నన్ (వేరే సైట్ లోపలికీ పంపొచ్చు), సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే పంపాలి) అని రెండూ రాసి ఉండాలి. లేదంటే ఆ కుకీ ఫ్రేములోకి వెళ్లదు.

అపోహ: సింగిల్ సైన్ ఆన్ (ఒక్క లాగిన్‌తో అన్నిటిలోకీ వెళ్లడం) పెడితే సగం పని అయిపోతుంది.

వాస్తవం: లోపలికి వచ్చిన మనిషి ఎవరో రెండు సర్వర్లూ ఒకేలా గుర్తుపట్టాలి. డొమినోలో పేరు, విభాగం, సంస్థ గీతలతో కలిపిన పొడుగాటి పేరు ఉంటుంది. షేర్‌పాయింట్ వైపు ఉద్యోగుల ఖాతాలుండే యాక్టివ్ డైరెక్టరీలో మెయిల్ ఐడీలాంటి పేరు. ఈ రెండింటినీ జత చేసే పట్టిక తయారు చేయడమే అసలు పని. మన తెలుగు పేర్ల దగ్గర ఇది మరీ కష్టం. శ్రీనివాసరావు అనే పేరు ఒకచోట కలిపి ఉంటుంది, ఇంకోచోట 'రావు' లాస్ట్ నేమ్ గడిలోకి పోతుంది, మూడోచోట ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నిలబడుతుంది. అదే పేరుతో పక్క విభాగంలో మరొకరు ఉంటారు. అందుకే పేర్లతో జత చేయనివ్వను, ఉద్యోగి నంబరుతోనే చేయిస్తాను.

అపోహ: సెర్చ్ ఒకటి చేస్తే చాలు, పర్మిషన్ల సంగతి అసలు సర్వర్ చూసుకుంటుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. డొమినోలో ఒక్కో డేటాబేస్‌కు నో యాక్సెస్ నుంచి మేనేజర్ దాకా 7 అంచెలు ఉంటాయి. దాని మీద రీడర్స్ ఫీల్డ్ ఒకటి, ఫలానా డాక్యుమెంట్ ఫలానావాళ్లకే కనబడాలని చెప్పేది. షేర్‌పాయింట్ తీరు వేరు. అక్కడ సైట్‌కు ఇచ్చిన అనుమతి, విడిగా తెంచకపోతే, కింది ఫైలు దాకా దిగుతుంది. సెర్చ్ ఇండెక్స్ (వెతకడానికి ముందే తయారుచేసి పెట్టుకునే జాబితా) డొమినో అనుమతులను సరిగ్గా పట్టుకోకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఒక కంపెనీలో కొత్త సెర్చ్ మొదలైన మర్నాడు ఒకమ్మాయి తన విభాగం పేరు కొట్టింది. మూడో ఫలితంగా, తొలగించబోయే ఉద్యోగుల జాబితా అనే శీర్షిక వచ్చింది. నొక్కితే తెరుచుకోలేదు, డొమినో తన పని తాను చేసింది. కానీ ఆ శీర్షిక చదివాక ఇంక దాచడానికి ఏం మిగిలింది? మధ్యాహ్నానికి ఫ్లోర్ అంతా టెన్షన్. ఆ సాయంత్రమే సెర్చ్ ఆపించాం.

అప్పటి నుంచి ఫలితం చూపించే ముందు అసలు సర్వర్‌ను మరోసారి అడిగేలా పెడుతున్నాం. ఇండెక్స్‌లో ఉండేది చివరిసారి క్రాల్ చేసిన (సర్వర్లను చదివి వచ్చిన) నాటి అనుమతి మాత్రమే. నిన్న బదిలీ అయిన మనిషి దానికి ఇంకా పాత విభాగంలోనే ఉంటాడు. కాస్త నెమ్మదైనా ఫర్వాలేదు.

అపోహ: మీటింగ్ వివరాలు పంచుకోవడానికి ఐక్యాలెండర్ ప్రమాణం ఉంది కాబట్టి క్యాలెండర్లు వాటంతట అవే కలుస్తాయి.

వాస్తవం: ఒక్క మీటింగ్ అయితే కలుస్తుంది. వారం వారం జరిగే మీటింగ్‌లో ఒక్క రోజుది జరిపి చూడండి, తేడా వచ్చేది అక్కడే. ముందుగా ఇదే పరీక్షించాలి.

అపోహ: పాతది తీసేసి అంతా కొత్తదానిలోకి మారిస్తే ఈ బాధే ఉండదు.

వాస్తవం: డొమినో అప్లికేషన్ అంటే డేటా ఒక్కటే కాదు. ఫార్ములాలు, ఏజెంట్లు అనే చిన్న ప్రోగ్రాములు, ఎవరి తర్వాత ఎవరు సంతకం పెట్టాలనే వరస కూడా అందులోనే ఉంటాయి. 2019లో హెచ్‌సీఎల్ చేతికి వచ్చాక కూడా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, మూతపడుతుందన్న తొందర అక్కర్లేదు. మార్చక తప్పదంటే ముందు డాక్‌లింకుల (డాక్యుమెంట్‌ను తెరిచే గుర్తుల) లెక్క తీయండి. పాత మెయిళ్లలో ఉన్న ఆ చిన్న గుర్తు నొక్కితే ఇన్నాళ్లూ నేరుగా డాక్యుమెంటే తెరుచుకునేది. డాక్యుమెంట్ తరలిపోయినా పాత గుర్తింపు నంబరును కొత్త చిరునామాతో జత చేసి ఉంచండి, ఆ నంబరుతో వచ్చినవాళ్లను కొత్తచోటికి తీసుకెళ్లే పేజీ ఒకటి పెట్టండి.