ఉప్పూ కారం తింటే రోషం వస్తుందా? తిండీ మనసూ: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుంటూరు కారం తినేవాళ్ళకు కోపం ఎక్కువ.

"ఉప్పూ కారం తినడం లేదా, ఆ మాత్రం రోషం లేదూ?" అని మనమే అంటుంటాం కాబట్టి నిజమే కాబోలు అనిపిస్తుంది. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. నిజమైన వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాన్నే అదీ తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌ 2021 వైద్య నోబెల్ పంచుకున్నారు. చెమట పట్టడం, ముక్కు కారడం, మొహం ఎర్రబడడం అందుకే. ఎదుటివాళ్ళకు కోపంలా కనిపించవచ్చు గానీ స్వభావమేమీ మారదు.

కారం మనసు దాకా వెళ్ళే దారి వేరే ఉంది. రాత్రి పదింటికి మిరపకాయ బజ్జీలు, వెంటనే పడక. పుల్లటి త్రేన్పులు, ఛాతీలో మంట, రెండింటికి మెలకువ. మర్నాడంతా చిరాకు. అలాంటివాళ్ళు కూడా కారం పూర్తిగా మానక్కర్లేదు, రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందు ముగిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: అరటిపండులో సెరటోనిన్ ఉంది, తింటే సంతోషం.

ఉన్న మాట నిజం, కానీ అది రక్తంలోంచి మెదడులోకి పోలేదు. మన పేగుల్లో తయారయ్యే సెరటోనిన్ పరిస్థితీ అంతే. అరటిపండు మంచిదే, ఆకలేస్తే తినండి.

అపోహ: తిండి మార్చుకుంటే డిప్రెషన్‌కు మందులక్కర్లేదు.

ఈ మాటకు అందరూ చూపించేది 2017లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన స్మైల్స్ అధ్యయనం. 67 మందిలో సగం మందికి 12 వారాలు డైటీషియన్ సాయంతో పప్పులు, ముడిధాన్యాలు, కూరగాయలు, పండ్లు, చేపలు పెంచి, తీపి పదార్థాలు, వేపుళ్ళు తగ్గించారు. మిగతావాళ్ళకు అన్ని వారాలూ మాట తోడు మాత్రమే ఇచ్చారు. మొదటి గుంపులో 32 శాతం మంది, రెండో గుంపులో 8 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మంచి ఫలితమే. కాకపోతే వాళ్ళలో ఎక్కువమంది మందులో, కౌన్సెలింగో అప్పటికే తీసుకుంటున్నారు. ఎవరికి ఏం అందుతోందో వాళ్ళకు తెలుసు, పైగా చిన్న అధ్యయనం. దీన్నిబట్టి మందుకు తోడుగా తిండి మార్చుకోవచ్చు, మందు మానేయకూడదు.

విటమిన్ మాత్రల సంగతి ఇంకా తేలిక. అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 18,353 మందిలో సగం మందికి ఐదేళ్ళకు పైగా విటమిన్ డి, మిగతావాళ్ళకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, విటమిన్ డి వల్ల డిప్రెషన్ రావడం తగ్గలేదు. నిజంగా లోటున్నవాళ్ళకు దాన్ని పూడ్చడం వేరు, లోటు లేనివాళ్ళు టానిక్ తాగడం వేరు.

అపోహ: శాకాహారులమే అయినా పాలూ పెరుగూ ఉన్నాయి, మాకు విటమిన్ బి12 లోటు రాదు.

మా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. పెద్దవాళ్ళకు రోజుకు రెండు మైక్రోగ్రాములకు కాస్త పైగా బి12 కావాలి. 250 మిల్లీలీటర్ల పాలలో దాదాపు ఒక మైక్రోగ్రామే దొరుకుతుంది. కాఫీలో పోసుకునే అర కప్పు పాలు, నీళ్ళ మజ్జిగలోని రెండు చెంచాల పెరుగు కలిపినా సరిపోదు. ఆకుకూరల్లో, పప్పుల్లో బి12 ఉండదు. ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాసుకు ప్యాంటప్రజోల్ వేసుకునేవాళ్ళకు తిన్నది కూడా సరిగా ఒంటబట్టదు. వీళ్ళు మాంసాహారులైనా సరే.

లోటు మెల్లగా బయటపడుతుంది. నీరసం, మతిమరుపు, దేనిమీదా మనసు పోకపోవడం, నాలుక మంట, అరికాళ్ళలో తిమ్మిరి. ఇంట్లోవాళ్ళు "వయసు మీద పడింది" అనో "దిగులు పెట్టుకున్నాడు" అనో సరిపెట్టేస్తారు.

పొరపాటు ఎక్కువగా పరీక్ష దగ్గరే జరుగుతుంది. ముందు మెడికల్ షాపులో ఎర్ర సూది, అంటే బి12 ఇంజెక్షన్, చేయించుకుంటారు, తర్వాత రక్తమిస్తారు. అప్పుడు రిపోర్టులో బి12 బ్రహ్మాండంగా వస్తుంది, అసలు లోటు ఎంతో ఇక తెలియదు. రక్తమిచ్చాకే సూది. సాధారణంగా మిల్లీలీటరు రక్తానికి 200 పికోగ్రాముల కన్నా తక్కువైతే లోటు. 200-300 మధ్య ఉంటే అనుమానమే, డాక్టరు ఇంకో పరీక్ష రాయవచ్చు. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడటం ఇంకో తప్పు. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అదే రక్తంతో హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్ కూడా చూపించుకోండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు.

హిమోగ్లోబిన్ అన్నాం కాబట్టి: గోంగూర పచ్చడితో 8 నుంచి 12కు రాదు, ఐరన్ మాత్రలు కావాలి. భోంచేయగానే టీ తాగితే తిన్న ఇనుము కూడా చాలావరకు వృథా. కనీసం గంట ఆగండి, పప్పులో నిమ్మకాయ పిండుకోండి.

అపోహ: సాయంత్రం ఒక్క కాఫీకి ఏమవుతుంది?

కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఐదింటి కాఫీలో సగం రాత్రి పదింటికి ఒంట్లోనే ఉంటుంది. ఆందోళన, గుండెదడ ఉన్నవాళ్ళు మధ్యాహ్నం రెండు తర్వాత మానేస్తే మేలు. ఒక్కసారిగా మానితే ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి పట్టుకుంటుంది, అందుకే వారానికో కప్పు చొప్పున తగ్గించండి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజాపిన్ వాడేవాళ్ళు మాత్రం డాక్టరుకు చెప్పకుండా కాఫీ పెంచడం, తగ్గించడం రెండూ చేయొద్దు. రక్తంలో ఆ మందు మోతాదు మారిపోతుంది.

అపోహ: మానసిక మందులకు పత్యమేమీ లేదు.

కొన్నిటికి ఉంది. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్ళకు ఉప్పే పత్యం, అయితే తగ్గించడం కాదు, నిలకడగా తినడం. ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి, రక్తంలో మోతాదు పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలకు విజయవాడలో బయట పనిచేసే మనిషికి చెమటతోనే నీళ్ళూ ఉప్పూ పోతాయి. దానికి తోడు బీపీ అని ఉప్పు మానేసి, మూత్రం ఎక్కువ పోయించే నీళ్ళ మాత్రలు మొదలుపెట్టి, ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫెన్ మింగితే విషమయ్యే ప్రమాదం ఉంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి లిథియం స్థాయి చూపించుకోవాలి.

స్కిజోఫ్రీనియాకు, బైపోలార్ డిప్రెషన్‌కు ఇచ్చే లురాసిడోన్‌కు కనీసం 350 క్యాలరీల తిండి కావాలి. రెండు బిస్కెట్లు, టీతో వేసుకుంటే ఒంటబట్టేది సగమే. కప్పున్నర అన్నం, పప్పు, చెంచా నెయ్యి తిని వేసుకోండి. "మందు పనిచేయడం లేదు" అనుకునే ముందు ఇది సరిచూసుకోవాలి.

అపోహ: చెమటలు, వణుకు, దడ వస్తే అది భయం జబ్బే.

షుగరుకు గ్లిమిపిరైడ్ వేసుకుని శనివారం ఒంటిపూట ఉన్నవాళ్ళకు అది లోషుగర్ కావచ్చు. గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. అప్పటికీ తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు.

అపోహ: సరిగా తినకే దిగులు, బలవంతంగానైనా తినిపిస్తే లేస్తాడు.

చాలాసార్లు వరస తిరగబడి ఉంటుంది. ఆకలి చచ్చిపోవడం డిప్రెషన్ లక్షణం. విస్తరి నిండా వడ్డించి పక్కన కూర్చుని తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. రెండు గంటలకోసారి అర గ్లాసు రాగి జావ, ఓ ఉడికించిన గుడ్డు, పెరుగన్నం నాలుగు ముద్దలు చాలు. దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనుందని అన్నా, రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టకపోయినా జావ కాస్తూ కూర్చోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.