శ్రుతి తెలియాలంటే చప్పుడు తగ్గించండి

చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

పల్లవి ఎత్తుకున్నప్పుడు బాగానే ఉండి, చరణానికి వచ్చేసరికి శ్రుతి ఎందుకు జారిపోతోందని అడిగారు. ముందే గొంతును అనుమానించకండి. చిన్న గదిలో శ్రుతిపెట్టె మరీ గట్టిగా మోగుతోందేమో చూడండి. చుట్టూ చప్పుడు పెరిగితే ఎవరి గొంతైనా తనంతట తానే లేస్తుంది. లేచిన గొంతు బిగుసుకుంటుంది, స్వరం మీద నిలవదు. పైగా మీ స్వరం మీకే సరిగా వినపడదు గనుక జారిన సంగతీ తెలియదు. మధ్యస్థాయి షడ్జం (స) మామూలుగా పాడుతున్నప్పుడు తంబూరా మీ గొంతు కింద వినీ వినపడనట్టు ఉండాలి, పాట ఆపగానే స్పష్టంగా వినపడాలి. అంతకుమించి అక్కర్లేదు. పెట్టెను చెవి పక్కన కాకుండా రెండడుగులు ముందుకు, నేల మీద ఉంచండి.

ఫోన్‌లో తంబూరా పెట్టుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఒకటి శ్రుతికి (కీబోర్డులో C) మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి స, దాదాపు 65 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. పై అనుస్వరాలే (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) పలుకుతుంది, మిగతాది మన మెదడు పూరించుకుంటుంది. ఆధారం పలచగా ఉందని వాల్యూమ్ పెంచితే ధ్వని పగులుతుంది తప్ప షడ్జం రాదు. కాస్త పెద్ద స్పీకర్‌కి కలిపి తక్కువలో పెట్టుకోండి. బ్లూటూత్‌లో ధ్వని కాస్త ఆలస్యంగా వచ్చినా తంబూరాకు ఇబ్బంది లేదు, తాళం యాప్‌కి మాత్రం ఇబ్బందే.

శ్రుతి కలిసిందో లేదో చెప్పే గుర్తు మెత్తటి ధ్వనిలోనే బాగా దొరుకుతుంది. ఇంట్లో తీగల తంబూరా ఉంటే దాని మీదే నేర్చుకోండి. ముందు బ్రిడ్జి మీద జీవ దారం (తీగ కింద పెట్టే నూలు పోగు) సరిచెయ్యండి, అది కుదరకపోతే అనుస్వరాలు విచ్చుకోవు. మధ్య తీగలు రెంటిలో ఒకటైన సారణిని మీ శ్రుతికి పెట్టుకుని, రెండోదైన అనుసారణిని దానితో కలిపి మెల్లగా మీటండి. ఒకటి 200 హెర్ట్జ్‌లో, రెండోది 202లో ఉంటే నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. బిరడా (తీగ చుట్టిన మేకు) తిప్పేకొద్దీ ఆ ఊపు నెమ్మదించాలి. వేగం పెరుగుతోందంటే తిప్పే దిక్కు తప్పు. రెండు సెకన్లకు ఒక ఊపు దాకా వచ్చాక ఇక బిరడా ముట్టుకోకండి, బ్రిడ్జి అవతల తీగకు ఉండే పూస జరపండి. అక్కడ ఒక్క హెర్ట్జ్ తేడా అంటే సుమారు 9 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత). బిరడా కాస్త కదిలితే చాలు, అంతకంటే ఎక్కువే దాటిపోతుంది. ఆ తర్వాత మంద్ర షడ్జం తీగ, చివర పంచమం (ప) తీగ.

ఇదంతా చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. తిరిగే రెక్కలకు తగిలి వచ్చే ధ్వని వణుకుతుంది. ఆ వణుకును తీగల తేడా అనుకుని, కలిసిన శ్రుతిని చేతులారా చెడగొట్టుకుంటారు. మన ఊరి ఉక్కలో కష్టమే గానీ, అయిదు నిమిషాలు ఓర్చుకోండి. ఏసీ గదిలోంచి హాల్లోకి తెచ్చిన వాద్యాన్ని పావుగంట అలా వదిలేసి ఆ తర్వాతే శ్రుతి చెయ్యండి.

ట్యూనర్ యాప్‌తో షడ్జం పెట్టుకోండి, అక్కడితో దాన్ని మూసెయ్యండి. అది కీబోర్డు లెక్కన స్థాయిని (స నుంచి పై స దాకా) 12 సమభాగాలు చేసి, ఒక్కోదానికి 100 సెంట్లు ఇస్తుంది. ఆ లెక్కలో అంతర గాంధారం (గ) 400. తంబూరాలో మంద్రం తీగ ఒక్కటే మీటి చెవి ఒగ్గితే, ఎవరూ మీటని గాంధారం అందులోంచి పలుకుతుంది. అది ఆ తీగ అయిదో అనుస్వరం. కిందికి తెచ్చి చూస్తే షడ్జానికి 5:4 నిష్పత్తి, 386 సెంట్లు. అంటే తంబూరాలో హాయిగా కలిసిపోయేలా పాడిన పిల్లకు ముల్లు 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది. పచ్చ దీపం వెలగాలని గాంధారాన్ని పైకి తోస్తే, తంబూరాతో పోట్లాట మొదలవుతుంది. పంచమంలో తేడా రెండు సెంట్లే, పట్టించుకోనక్కర్లేదు. గమకం (ఊపు) ఉన్న స్వరం దగ్గర ముల్లు ఎలాగూ నిలవదు.

మోత మరీ ఎక్కువైతే కింది స్వరాలు తగ్గినట్టు, పై స్వరాలు పెరిగినట్టు అనిపించడం కూడా ఉంది. అనుస్వరాలు లేని ఒంటరి శుద్ధనాదంలో ఇది బాగా తెలుస్తుంది, గొంతులోనూ తీగల్లోనూ తక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డు చేసేటప్పుడు ఒక చెవి బయట ఉంచండి, అయితే రెండో చెవిలో ధ్వని పెంచకండి.

ఇక చెవిని కాపాడుకోవడం. లోపలి చెవిలో ధ్వనిని పట్టే రోమకణాలు ఒక్కో వైపు సుమారు 15,000 ఉంటాయి. మనుషుల్లో అవి పోతే మళ్లీ పుట్టవు. అమెరికాలో పనిచోట్ల భద్రతను చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలు. 3 పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపు, చెవికి మాత్రం కొంచెమే పెరిగినట్టుంటుంది. మోసమంతా అక్కడే. మోత వల్ల సాధారణంగా ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ ప్రాంతం. మాటలు వినపడుతూనే ఉంటాయి గనుక ఎవరూ గమనించరు. కానీ తంబూరా మెరుపంతా ఉండే పై అనుస్వరాలు ఒక్కొక్కటే పలచబడతాయి.

బస్సులో వెళ్తూ ఇయర్‌ఫోన్స్‌లో కచేరీ వినడం మానుకుంటే మంచిది. రోడ్డు మోతను మించాలని తెలియకుండానే పెంచేస్తారు. పెళ్లిలో నాదస్వరం, తవిల్ పక్కన కూర్చోకండి, అక్కడ 100 డెసిబెల్స్ దాటవచ్చు. డిసెంబరు కచేరీల సీజన్‌లో సభకు వెళ్తే స్పీకర్ల ఎదుట కాక హాలు మధ్యలో కూర్చోండి. తప్పనిసరైతే ఫోమ్ ప్లగ్గులు వాడండి. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం అదిమి పట్టాలి. బయటికి సగం కనిపిస్తుంటే అది సరిగా కూర్చోనట్టే. దూది పెద్దగా ఆపదు. ఫోమ్ పై ధ్వనులను ఎక్కువగా మింగుతుంది కాబట్టి సంగీతం మూగగా అనిపిస్తుంది. వాయించేటప్పుడు అన్ని స్థాయిలనూ సమంగా తగ్గించే మ్యుజీషియన్ ప్లగ్గులు కొనుక్కోండి.

చెవిలో గోరువెచ్చటి నూనె పొయ్యమని అమ్మమ్మ అంటే, ప్రేమగానే వద్దనండి. కర్ణభేరికి చిల్లుంటే అది లోపలికి దిగుతుంది. బడ్స్ గుబిలిని ఇంకా లోపలికి నెడతాయి. జలుబు చేసి చెవులు దిబ్బడ వేసిన రోజుల్లో శ్రుతి తీర్పులు చెప్పకండి, ఆ వారం స్వరాలు రాసుకోండి, సాహిత్యం కంఠస్థం చెయ్యండి.

మోత తర్వాత చెవుల్లో గుయ్‌మంటే ఆ రోజూ మర్నాడూ నిశ్శబ్దంగా ఉంచండి. అప్పటికీ తగ్గకపోయినా, ఒకే స్వరం రెండు చెవుల్లో వేర్వేరుగా వినిపిస్తున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు వెళ్లాలి, మందు మొదటి రోజుల్లోనే బాగా పని చేస్తుంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత) తీస్తే ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. మళ్లీ తీయించినప్పుడు 4000 దగ్గర గీత ఎంత దిగిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదతాత