వెనక స్వే బార్ గురించి నేను రోజూ వినే అపోహలు

పాత ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలే లాగే) కార్ల కింద పడుకుని సస్పెన్షన్ పని చేయడమే నా బతుకు. వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "స్టీరింగ్ ఎంత తిప్పినా మలుపులో బండి ముక్కు బయటికే పోతోంది, వెనక లావు స్వే బార్ వేసెయ్ అన్నా." వేస్తాను. కాకపోతే ముందు ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడతాను, ఎందుకంటే ఆ బార్ గురించి వాళ్లు విని వచ్చినదాంట్లో సగం తప్పే ఉంటుంది. స్వే బార్ అంటే ఎడమ కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలుపుతూ, మెలితిరుగుతూ, మలుపులో బండి పక్కకి వాలడాన్ని తగ్గించే స్టీలు కడ్డీ.

అపోహ: స్వే బార్ వేస్తే గ్రిప్ పెరుగుతుంది.

వెనక గ్రిప్ తగ్గుతుంది. అవును, తగ్గుతుంది, అందుకే వేస్తాం. మలుపులో లోపలి టైర్ల మీది బరువు కొంత బయటి టైర్ల మీదికి వెళ్తుంది. ఎంత వెళ్తుందన్నది బండి బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మీరు మలుపు తిరిగిన వేగం, వీటిని బట్టి ఉంటుంది. బార్ ఎంత లావుదైనా ఆ మొత్తం దాదాపు మారదు. అందులో ముందు చక్రాల వాటా ఎంత, వెనకవాటి వాటా ఎంత అని పంచడమే బార్ పని. ఇక టైర్ సంగతి చూడండి, మీద బరువు రెట్టింపైతే గ్రిప్ రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అంటే జతలో ఒక టైర్ మీద బాగా ఎక్కువ, రెండో దాని మీద బాగా తక్కువ బరువు పడితే ఆ జత మొత్తానికి గ్రిప్ నష్టం. వెనక బార్ లావు చేస్తే ఆ నష్టం వెనక జతకి, లాభం ముందు జతకి. ఈ కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే ఉంటాయి, తిరగాల్సిందీ ముందు చక్రాలే, లాగాల్సిందీ అవే, వెనకవి ఊరికే వెంట వస్తుంటాయి. ఖాళీగా ఉన్నవాటి దగ్గర తీసి, నలిగిపోతున్నవాటికి ఇస్తున్నామన్నమాట. కొసరుగా ఇంకో లాభం: లోపలి ముందు చక్రం మీద బరువు నిలుస్తుంది కాబట్టి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే అది ఊరికే తిరిగిపోవడం తగ్గుతుంది.

అపోహ: రెండు మూడు మిల్లీమీటర్లతో ఏమవుతుంది, దొరికినంత లావుది వేసేద్దాం.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గట్టి కడ్డీ మెలితిరగకుండా ఎంత మొరాయిస్తుందన్నది దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల బార్ తీసి 19ది వేస్తే బిగువు దాదాపు రెట్టింపు. 19 నుంచి 22కి వెళ్తే ఇంకో 80 శాతం. 16 నుంచి ఏకంగా 22కి దూకితే మూడున్నర రెట్లు! చేత్తో పట్టుకుంటే తేడా తెలియని కడ్డీలివి. బార్ చివర వంగి ఉండే ఆర్మ్ పొడవు కూడా లెక్కే, 250 మిల్లీమీటర్ల ఆర్మ్‌కి బదులు లింక్‌ని (బార్ చివరని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ) 225 దగ్గరి రంధ్రంలో బిగిస్తే 23 శాతం ఎక్కువ బిగువు వస్తుంది. అందుకే రెండు మూడు రంధ్రాలున్న బార్ కొనమంటాను, మొదట మెత్తని రంధ్రంలో పెట్టి కొన్ని వారాలు నడపమంటాను. బోలు బార్ అంటే నాసిరకం అనుకునేవాళ్లూ ఉన్నారు. 22 మిల్లీమీటర్ల బార్‌లో మధ్య 16 మిల్లీమీటర్లు ఖాళీ ఉన్నా, అంతే లావు గట్టి బార్ బిగువులో 72 శాతం ఇస్తుంది, బరువు మాత్రం సగం కంటే తక్కువ.

అపోహ: లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తే బండి బోల్తా కొట్టబోతున్నట్టే.

కాదు. 1976లో వచ్చిన మొదటి తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ మలుపుల్లో కుక్క కాలెత్తినట్టు వెనక కాలెత్తడానికి పేరు మోసింది. ముందు చక్రాలు లాగే బండికి అదేం ప్రమాదం కాదు. కాకపోతే చక్రం లేచిందంటే వెనక యాక్సిల్ ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది, ఇంకేదైనా ముందు చక్రాలే మోయాలి. ఆ పైన ఎంత లావు బార్ వేసినా మీకు దక్కేది ఏమీ ఉండదు.

అపోహ: ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి వెనక జారదు.

దీని దగ్గర కాస్త ఆగాలి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీది కాలు ఠక్కున తీస్తే బరువు ముందుకి పడుతుంది, వెనక తేలికైపోతుంది, పైగా ఆ గ్రిప్‌లో కొంత మనం ముందే తీసేసి ఉన్నాం. 80లలో వచ్చిన పెజో 205 జీటీఐ మంచి బండే, అయినా కాలు తీస్తే తోక తిప్పడంలో దానికి చెడ్డపేరు ఉంది. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి మొదటిసారి బార్ మార్చినప్పుడు వెనక అరిగిన టైర్లు అలాగే ఉంచేశాను, సోమరితనం. తడి రోడ్డు మీద వంపులో ముందు బండి బ్రేక్ లైట్లు చూసి కాలు తీశాను, బండి గిర్రున తిరిగి నేను వచ్చిన దారినే చూస్తూ ఆగింది. వెనక ఎవరూ రావడం లేదు కాబట్టి సరిపోయింది. ఆరోజు నుంచి వెనక టైర్లు చూడకుండా ఎవరి బండికీ బార్ బిగించలేదు. మంచి టైర్ల జత వెనకే ఉండాలి. బండి జారుతుంటే తనంతట తానే బ్రేకులు వేసి సర్దే స్టెబిలిటీ కంట్రోల్ రోడ్డు కార్లలోకి రావడం మొదలైందే 1995లో, చిన్న బండ్లకి అందడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, కాబట్టి మీ పాత బండిలో మిమ్మల్ని కాపాడేది ఏదీ ఉండకపోవచ్చు. తోక జారితే బ్రేక్ తొక్కకండి. జారుతున్న వైపుకే స్టీరింగ్ తిప్పి, యాక్సిలరేటర్ కొంచెం ఇస్తే ముందు చక్రాలు బండిని లాగి సర్దుతాయి. చెప్పడం సులువే, చెయ్యడానికి ఖాళీ మైదానంలో అలవాటు పడాలి.

బార్ వేస్తే కుదుపులు పెరుగుతాయంటారు, సగం నిజం. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద బార్ తనని పట్టి ఉంచే బుష్‌లలో (మెత్తని రబ్బరు పట్టుల్లో) ఊరికే తిరుగుతుంది. ఒక్క చక్రమే గుంతలో పడితే మాత్రం ఆ కుదుపు రెండో వైపుకీ పాకి తల పక్కలకి ఊగుతుంది.

"షాకర్లు పోయాయి, బార్ వేస్తే ఊగడం ఆగుతుందా?" ఆగదు. మలుపులో వాలడం వేరు, ఎగిరెగిరి పడటం వేరు. ముందు షాకర్లు, ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని బాడీకి కలిపే చేయి) బుష్‌లు మార్చండి, ఒక్కోసారి ఆ తర్వాత బార్ అవసరమే ఉండదు.

అపోహ: నాలుగు బోల్టులు, అరగంట పని.

కొత్త బండికైతే కావచ్చు. పాతదానికి ముందు తుప్పుతో కుస్తీ పట్టాలి. బార్ ఎంత లావైతే దాని బ్రాకెట్ల దగ్గర అంత బలం పడుతుంది, పలచని సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ బిగించే కింది చట్రం) రేకు ఆ బోల్టుల దగ్గరే చిరిగిపోవడం నేను కళ్లారా చూశాను, అలాంటి చోట బలానికి పట్టీ వేయకుండా ముట్టుకోను. వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం) ఉన్న బండ్లలో ఆ బీమే మెలితిరుగుతూ స్వే బార్ పని చేస్తుంది, కాబట్టి అదనపు బార్ బిగించాక బీమ్ వెల్డింగుల్లో పగుళ్లు ఉన్నాయేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. బిగించేటప్పుడు ఒక్క పక్కే జాకీ వేస్తే లింక్ బోల్టు రంధ్రంలోకి రాదు, సుత్తితో కొట్టకండి, రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉంచండి. రబ్బరు బుష్ ఉన్న లింకులైతే బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. పాలీయురేథేన్ బుష్‌లకి సిలికాన్ గ్రీజు పూయండి, లేకపోతే వారంలో కీచుకీచుమంటూ నా దగ్గరికే వస్తారు. బార్ సైలెన్సర్ పైపుకి, బ్రేక్ గొట్టానికి తగలట్లేదని చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు ఒకసారి, బండి కిందికి దించాక ఒకసారి చూసుకుని, కొన్ని రోజులు నడిపాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చెక్ చేయండి.