తెల్లవారుజామున నడవాల్సిన స్క్రిప్టుకు లాగిన్‌తో పనేంటి?

చాలా ఆఫీసుల్లో ఓ మూలన ఉన్న పాత కంప్యూటర్‌కి "ఆఫ్ చేయవద్దు" అని కాగితం అంటించి ఉంటుంది. తెల్లారేసరికి ఎక్సెల్ తెరిచి, రిపోర్టు తయారుచేసి, మెయిల్ పంపే స్క్రిప్టు దాని మీదే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినా, అప్‌డేట్ పడి రీస్టార్ట్ అయినా ఎవరూ పాస్‌వర్డ్ కొట్టకుండానే నేరుగా డెస్క్‌టాప్ వచ్చేలా సెట్ చేసి ఉంచుతారు. అసలు స్క్రిప్టు నడవాలంటే ఎవరో ఒకరు లాగిన్ అయి ఉండాలా? అక్కర్లేదని యూనిక్స్ 1970ల్లోనే తేల్చేసింది. విండోస్‌లో ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే క్రాన్, అంటే చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాం, ఉంది. తర్వాత ఏ పని ఎప్పుడు నడవాలో రాసుకునేందుకు ఒక్కో యూజరుకూ సొంత పట్టిక వచ్చింది. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ తాలూకు వారసులే నేటికీ చాలా లినక్స్‌లలో ఉన్నాయి. క్రాన్ రూట్ (అన్ని అధికారాలున్న ఖాతా) హక్కుతో నడుస్తూ, వేళ కాగానే సదరు యూజరుగా మారి కమాండు నడిపిస్తుంది. పాస్‌వర్డ్ దాచాల్సిన పనే లేదు. ఇబ్బందల్లా ఒకటే: లాగిన్ ప్రొఫైల్‌ని (లాగిన్ అయ్యేటప్పుడు అమలయ్యే సెట్టింగుల్ని) చదవదు కాబట్టి పాత్, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా, చాలా చిన్నదిగా ఉంటుంది. "టెర్మినల్లో నడిచింది, క్రాన్‌లో నడవట్లేదు" అని ఎవరన్నా ముందు చూడాల్సింది అదే. ప్రోగ్రాం పూర్తి చిరునామా రాస్తే సగం గొడవలు పోతాయి.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో కూడా లాగిన్‌తో పనిలేకుండా వెనకాల నడిచే ప్రోగ్రాములు, అంటే సర్వీసులు ఉన్నాయి, వేళకు పనులు పెట్టే ఏటీ అనే కమాండూ ఉంది. అయితే దాంతో పెట్టిన పని మామూలుగా విండోస్ సొంత సిస్టమ్ ఖాతా కింద నడిచేది. యూజరు సెట్టింగులు, మ్యాప్ చేసిన డ్రైవులు (నెట్‌వర్క్ ఫోల్డర్లకు జెడ్ లాంటి అక్షరం పెట్టుకున్నవి) దానికి కనిపించవు. దాంతో జనం అడ్డదారి పట్టారు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో విన్‌లాగాన్ కీ కింద ఆటోఅడ్మిన్‌లాగాన్ విలువ 1 పెట్టి, డిఫాల్ట్‌యూజర్‌నేమ్, డిఫాల్ట్‌పాస్‌వర్డ్ నింపితే మెషిన్ తనంతట తానే లాగిన్ అవుతుంది. ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు, ఎవరైనా చదివేలా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సూచనల్లోనే ఉంది: లాగిన్ హక్కున్న యూజర్లు నెట్‌వర్క్ మీద నుంచి కూడా ఆ కీని చదవగలరని.

అసలు మలుపు విండోస్ విస్టాతో, 2007లో వచ్చింది. దానికి ముందున్న ఎక్స్‌పీ దాకా సర్వీసులూ, కంప్యూటర్ ముందు కూర్చుని మొదట లాగిన్ అయిన మనిషీ ఒకే సెషన్‌లో (ప్రోగ్రాములు కలిసి నడిచే ఆవరణలో), అంటే సెషన్ సున్నాలో ఉండేవారు. మామూలు యూజరు ప్రోగ్రాం పక్కనే ఉన్న సర్వీసు కిటికీకి మెసేజీలు పంపి, దాని హక్కులు సంపాదించేయవచ్చని 2002లో బయటపడింది. దీన్నే షాటర్ దాడి అన్నారు. విస్టా సెషన్ సున్నాను సర్వీసులకే వదిలేసి, మనుషుల్ని సెషన్ ఒకటి నుంచి మొదలుపెట్టింది. భద్రత కోణంలో సరైన నిర్ణయమే. కానీ స్క్రిప్టులు రాసేవాళ్లకు కొత్త తలనొప్పి.

వేళకు పనులు నడిపే కొత్త టాస్క్ షెడ్యూలర్‌లో "యూజరు లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడుపు" అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే స్క్రిప్టు ఎవరికీ కనిపించని సెషన్‌లో నడుస్తుంది. ఫైళ్లు కాపీ చేసే పనికి ఇది బ్రహ్మాండం. అదే ఎక్సెల్ తెరిచే స్క్రిప్టు అయితే ఏమవుతుందో చూడండి. "లింకులు అప్‌డేట్ చేయాలా?" అని ఎక్సెల్ ఒక డబ్బా తెస్తుంది. సరే నొక్కే నాథుడు లేడు. ఎక్సెల్ అలాగే బిగుసుకుపోతుంది. ముందుగా ఉండే సెట్టింగు ప్రకారం టాస్క్‌ను మూడు రోజుల దాకా ఆపరు. పాతది నడుస్తుండగా కొత్తది మొదలుపెట్టరు. అంటే రేపటి రిపోర్టు, ఎల్లుండి రిపోర్టు కూడా చప్పుడు లేకుండా ఎగిరిపోతాయి. చివరి ఫలితం గడిలో 267009 కనిపిస్తే "ఇంకా నడుస్తోంది" అని అర్థం. తప్పు కాదు కదా అని చాలామంది వదిలేస్తారు. సర్వర్ మీద మనిషి లేకుండా ఆఫీస్ ప్రోగ్రాములు నడపడాన్ని తాము సిఫార్సు చేయమని మైక్రోసాఫ్ట్ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. వినేవాళ్లు తక్కువ.

అలా జనం మళ్లీ ఆటో లాగిన్ దగ్గరికే వచ్చారు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోలాగాన్ పనిముట్టు పాస్‌వర్డ్‌ని మామూలు అక్షరాల్లో కాక ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. అయినా అడ్మిన్ హక్కున్నవాడు దాన్ని తేలిగ్గా బయటకు తీయగలడు. డొమైన్ అంతటికీ, అంటే ఒకే కేంద్రం కింద నడిచే ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ, టాస్కులు పంచే గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో ఇంకా వింత: పాస్‌వర్డ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసిన తాళం చెవిని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంట్లలో అచ్చేసింది. 2014 మేలో ఆ సదుపాయాన్ని తీసేశారు. పాత ఫైళ్లు మాత్రం వాటంతటవి పోవు, వెతికి తుడవాలి.

ఆటో లాగిన్ ఉన్నట్టుండి ఆగిపోతే ఎక్కువగా కారణం పాస్‌వర్డ్ గడువు తీరడం లేదా ఎవరో మార్చడం. ఆటోలాగాన్‌కౌంట్ అనే విలువ ఉంటే ప్రతి రీస్టార్ట్‌కీ ఒకటి తగ్గి, సున్నా అయ్యాక లాగిన్ ఆగిపోతుంది. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌కి పిన్ పెట్టి ఉంటే మెషిన్ విండోస్ దాకా కూడా రాదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో చూసి కిటికీ మూసేసినా చిక్కే: సెషన్ బతికే ఉంటుంది గానీ దానికి తెర ఉండదు, మౌస్ క్లిక్‌లతో నడిచే స్క్రిప్టులు అక్కడే చచ్చిపోతాయి.

ఈ పాస్‌వర్డ్ గొడవకు మందుగా విండోస్ సర్వర్ 2012 నుంచి గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ ఖాతాలున్నాయి. పాస్‌వర్డ్ మామూలుగా 30 రోజులకోసారి దానంతటదే మారుతుంది, ఏ మనిషికీ తెలియాల్సిన పని లేదు. కాకపోతే డొమైన్ ఉండాలి. టాస్క్‌లోనే "పాస్‌వర్డ్ దాచవద్దు" అన్న గడి కూడా ఉంది, కానీ అది టిక్ చేస్తే నెట్‌వర్క్ ఫోల్డర్లు అందవు.

కాబట్టి ముందు చూడాల్సింది స్క్రిప్టుకు తెర నిజంగా కావాలా అని. ఎక్సెల్ ఫైలు రాయడమే పని అయితే ఎక్సెల్‌ని తెరవకుండా పైథాన్ లైబ్రరీతో రాసేయవచ్చు. అప్పుడు లాగినే అక్కర్లేదు. జెడ్ డ్రైవ్ అని రాయకుండా సర్వర్ పేరుతో పూర్తి దారి రాయండి. "స్టార్ట్ ఇన్" గడి ఖాళీగా వదిలితే స్క్రిప్టు సిస్టం32 ఫోల్డర్‌లో మొదలవుతుంది, నింపండి. ఖాతాకు "బ్యాచ్ జాబ్‌గా లాగాన్" హక్కు ఉందో లేదో చూడండి. టాస్క్‌ను ఆపే గడువును మూడు రోజుల నుంచి ఒక గంటకు దించండి.

తెర తప్పదంటే అడ్మిన్ కాని ప్రత్యేక ఖాతా ఒకటి తీసి, ఆటోలాగాన్ పనిముట్టుతో సెట్ చేసి, లాగిన్ కాగానే స్క్రీన్ లాక్ అయ్యేలా ఇంకో టాస్క్ పెట్టండి. లాక్ అయినా సెషన్ నడుస్తూనే ఉంటుంది, ఎక్సెల్‌ని కోడ్‌తో నడిపే స్క్రిప్టులు ఆగవు. మౌస్, కీబోర్డు అనుకరించేవి మాత్రం లాక్ తెర మీద పనిచేయవు. వాటికోసం తెర తెరిచి ఉంచక తప్పదు కనుక ఆ మెషిన్‌ని తాళం వేసిన గదిలో పెట్టాల్సిందే.