ఎలక్ట్రోస్టాటిక్‌లో బేస్ లేదా? ఆంప్ కొనే ముందు కళ్లజోడు తీసి వినండి

విజయనగరంలో ఆడియో సామాన్లు రిపేరు చేస్తాను. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు (చార్జ్ ఎక్కించిన పల్చటి పొర కదిలి సౌండ్ ఇచ్చే రకం, వీటికి ప్రత్యేకం ఆంప్లిఫయర్, అంటే ఆంప్, ఉండాలి) నా బల్ల మీదకి వచ్చేది ఎప్పుడో ఒకటీ అరా, కానీ తెచ్చిన వాళ్లందరిదీ ఒకటే గోల: "బేస్ లేదండీ, పెద్ద ఆంప్ కొనాలా?"

అపోహ: వీటిలో బేస్ ఉండదు, ఆంప్ మారిస్తే వస్తుంది.

వాస్తవం: మొన్న వానాకాలంలో శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు హెడ్‌ఫోన్ తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కి వచ్చారు. "ఏటి బాబూ, మృదంగం ఎడమ పక్క కొట్టినా కుడి పక్క కొట్టినా ఒకేలాగ ఇనబడతన్నాది" అన్నారు. అప్పటికే ఎవరి మాటో విని, బాగున్న పాత ఆంప్ అమ్మేసి మూడింతల ధర పెట్టి కొత్తది కొనేశారు. "ఇంట్లో చెప్పలేదు బాబూ" అన్నారు మెల్లగా. కప్పులు రెండూ ఆయన చెవులకి మెత్తగా అదిమి పట్టుకున్నాను. మొహం వెలిగిపోయింది. కళ్లజోడు కాడ దగ్గర సందు, ఆపైన చెవి చుట్టూ ఆనే ప్యాడ్ అరిగి అప్పడంలా అయిపోయింది, అంతే జబ్బు.

సౌండ్ పుట్టించే ఆ పొరే డయాఫ్రమ్, దాని మందం మైక్రాన్లలో ఉంటుంది, స్టేటర్ల (రెండు పక్కలా ఉండే చిల్లుల పలకల) మధ్య అది కదలడానికి చోటు అటూ ఇటూ అర మిల్లీమీటరు లెక్క. అంత చిన్న కదలికతో బేస్ పుట్టాలంటే దానికీ చెవికీ మధ్యనున్న గాలి బయటికి పోకూడదు. సందుంటే కింది ఫ్రీక్వెన్సీల ఒత్తిడి అక్కణ్ణించి జారిపోతుంది, పైవాటికి పెద్దగా ఏమీ కాదు, అందుకే వయొలిన్, గొంతు నిక్షేపంలా వినబడుతూ బేస్ ఒక్కటే మాయమవుతుంది. "ఓపెన్ బ్యాక్‌కి సీల్ ఎందుకండీ" అని నాతో వాదనకి దిగేవాళ్లున్నారు. తెరిచి ఉండేది వెనకాల, చెవి వైపు కాదు నాయనా! 30 హెర్ట్జ్ టోన్ పెట్టి, కప్పులు మెల్లగా నొక్కి చూడండి. బేస్ పెరిగితే మీకు కావలసింది ప్యాడ్లు. స్టాక్స్ కంపెనీ లాంబ్డా రకాలకి అవి డబుల్ సైడ్ టేప్‌తో అంటుకుని ఉంటాయి, మళ్లీ వేసేటప్పుడు ఎక్కడా గ్యాప్ రాకుండా చూసుకోండి.

ఒక్క మాట, సిరిమాను రోజున డీజే బాక్సుల ముందు గుండె అదిరినట్టు మాత్రం అదరదు. అది ఒళ్లంతా తగిలే బేస్, ఏ హెడ్‌ఫోనూ ఇవ్వలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తలకి పెట్టుకునేటప్పుడు టప్‌మంటే డయాఫ్రమ్ చిరిగిపోలేదు, గాలి ఒత్తిడికి వంగి స్టేటర్‌ని తాకిందంతే, టెన్షన్ వద్దు. డయాఫ్రమ్‌ని చార్జ్ చేసే 580 వోల్టుల బయాస్ షాక్ కొట్టి చంపుతుందన్నది పుకారు, పెద్ద రెసిస్టర్ అడ్డం ఉండి కరెంటు దాదాపు రాదు. ఆంప్ మూత తీయడం మాత్రం వేరే సంగతి, లోపల కెపాసిటర్లు ప్రాణం తీయగలవు, ముట్టుకోకండి. ఆ 580 వోల్టులు కావలసిన అయిదు పిన్నుల ప్రో రకాన్ని 230 వోల్టుల పాత ఆరు పిన్నుల సాకెట్లో పెట్టి "సౌండ్ తగ్గిపోయింది" అని ఫోన్ చేసేవాళ్లకి వేరే జవాబు లేదు, తగ్గుతుంది మరి.

మన సముద్రపు గాలికి ఒక పక్క సౌండ్ తగ్గితే డ్రైవర్ పోయిందని ఏడవకండి. చాలాసార్లు తేమకి చార్జ్ కారిపోవడమే. సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచి చూడండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి పోవద్దు.

మాస్టారు కొత్త ప్యాడ్లు వేయించుకుని, సన్న కాడల కళ్లజోడు కూడా చేయించుకున్నారట. ఆంప్ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.